సెర్బియా చీటీలు, మా పెద్దమ్మ తగాదా

నేను ఓడిపోయిన వాదాలు చాలా తక్కువ. ఇది గొప్పకి చెప్పడం కాదు, కావాలంటే బందరు కాలేజీలో నాతో పనిచేసిన వాళ్ళని అడగండి, వాళ్ళు విసుక్కుంటూనైనా ఒప్పుకుంటారు. అందులో ఒకటి మాత్రం ఒక సెర్బియా ఆవిడ చేతిలో ఓడిపోయాను. దివిసీమలో, మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద, పట్టపగలు.

అరవైల మొదట్లో సంగతి. అప్పటికి నాకు నలభై దగ్గర పడ్డాయి. కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. పరీక్ష కాగితంలో ‘చేస్తున్నాడు’ అని రాసిన పిల్లకి మార్కులు కోసి, ‘చేయుచున్నాడు’ అని రాసిన పిల్లకి వేసే రోజులు. స్టాఫ్ రూములో నేను రోజూ ఎవరో ఒకరితో దీని మీద పోట్లాడేదాన్ని. ‘ఇంట్లో మీ ఆవిడని కూరలో ఉప్పు వేయవలెను అని అడుగుతారా?’ అని ఒక పెద్దాయన్ని అందరి ముందూ అడిగాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు హాయిగానే ఉంది.

శనివారాలు మాత్రం నేను బందరులో ఉండేదాన్ని కాదు. చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కి అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి కాలవగట్టున రెండెడ్ల బండి మీద మా పెద్దమ్మ వాళ్ళ ఊరు చేరేదాన్ని. ఆ ఊళ్ళో చర్చి ముందున్న పందిట్లో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి చదువు చెప్పేవాళ్ళం. గుడివాడలో ఉన్న ఒక వయోజన విద్యా సంఘం దాన్ని నడిపేది. మిగతా రోజుల్లో ఊరి బడి టీచరమ్మ చూసుకునేది.

ఆ తరగతికి నాయకురాలు మా పెద్దమ్మే. మా అమ్మకి అక్క. యాభై దాటి చాలా కాలమైంది, భర్త పోయి ఇంకా ఎక్కువ కాలమైంది. ఉన్న ఎకరం కాలవ శివార్లో ఉంది. అంటే పై ఊళ్ళన్నీ తాగగా మిగిలిన నీళ్ళు వచ్చే చోటన్నమాట. నీటి తీరువా అని, శిస్తు అని, ఏదో ఒక కాగితం తెచ్చి ఆవిడ చేత వేలిముద్ర వేయించుకునేవాళ్ళు.

“నా యేలు పెట్టేముందు ఆ కాయితంలో ఏం రాసుందో నాకు నేను సదూకోవాలే. అంతే నాక్కావాల్సింది. నన్నేం కలెక్టర్ని చెయ్యొద్దు” అనేది.

చిక్కేమిటంటే, అక్షరాలు అందరూ నేర్చుకునేవాళ్ళు. గుణింతాలూ దాటేవాళ్ళు. పాఠాల పుస్తకం తెరిచేసరికి ఒక్కొక్కరే మానేసేవాళ్ళు. ‘పరిశుభ్రత’, ‘సహకారము’, ‘సత్ప్రవర్తన’. రెండు సార్లు తరగతి మొదలుపెట్టి రెండు సార్లూ పెద్దమ్మా, ఇంకో ఇద్దరూ మిగిలారు. మూడోసారి కూడా ఇలాగే అయితే తరగతి ఎత్తేస్తామని సంఘం వాళ్ళు చెప్పేశారు. తప్పు ఆడవాళ్ళది కాదు, పుస్తకానిది అన్నాను. అయితే మీరే ఒకటి రాయండి, చూస్తాం అన్నారు. రాస్తానన్నాను. నోరు ఊరుకోదుగా.

ఆ ఏడు వేసవిలో భాషాశాస్త్రం తరగతులకని పూనా వెళ్ళాను. అక్కడ పరిచయమైంది ఆవిడ. యుగోస్లావియా నుంచి వచ్చింది. వాళ్ళ దేశానికీ మనకీ స్నేహం మంచి జోరుగా ఉన్న రోజులు, అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ తిరుగుతుండేవాళ్ళు. కాగితాల మీద వాళ్ళ భాషకి రెండు జాతుల పేర్లు కలిపి రాసేవాళ్ళు. ఆవిడ మాత్రం, ‘మా ఇంట్లో మాట్లాడేది సెర్బియన్’ అనేది. వయసు నా అంతే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సంస్కృతం చదువుకోవడానికి వచ్చింది గానీ ఉద్యోగం మాత్రం వాళ్ళ రాజధానిలో నిఘంటువు తయారుచేసే ఆఫీసులో.

ఆ ఆఫీసు గురించి ఆవిడ చెబుతుంటే నాకు కన్నుకుట్టింది. గదుల నిండా చెక్క డబ్బాలు. డబ్బాల నిండా చీటీలు, ఒక్కొక్కటీ పోస్టుకార్డులో సగం. ఒక్కో చీటీ మీద ఒక మాట, ఆ మాట వచ్చిన వాక్యం, అన్నదెవరు, వయసెంత, ఏ ఊరు. ఊళ్ళలో బడిపంతుళ్ళూ చర్చి గురువులూ విని రాసి పంపించినవి. గొర్రెలు కాసుకునేవాళ్ళూ ముసలమ్మలూ మాట్లాడే భాషే పుస్తకాల భాష కావాలని వాళ్ళ పండితులు కొందరు ఎప్పుడో వంద ఏళ్ళకి పైనే పట్టుబట్టారట. మిగతా పండితులు దుమ్మెత్తి పోశారట. చివరికి పట్టుబట్టినవాళ్ళే గెలిచారట.

“చూశారా! ఇదే నేను మావాళ్ళకి చెప్పేది. మీరొకసారి మా ఊరు రండి, మావాళ్ళకి మిమ్మల్ని చూపించాలి” అన్నాను.

“నేను చూపించుకోవడానికి రాను. వినడానికైతే వస్తాను” అంది.

కోతలైపోయి, చేలల్లో మినుము ఆకుపచ్చగా పరుచుకున్న రోజుల్లో వచ్చింది. బందరులో రెండు రోజులుండి, పెద్దమ్మ వాళ్ళ ఊరు తీసుకెళ్ళాను. బస్సు పులిగడ్డ దాటేదాకా కిటికీలోంచి తల లోపలికి పెట్టలేదు.

పెద్దమ్మ ఆవిణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. నాతో అంది, “ఏమే, ఈవిడ నీకేమవుద్ది?”

“స్నేహితురాలు పెద్దమ్మా.”

“నీకు స్నేహితురాలైతే నాకు కూతురు వరస. దొరసానమ్మా గిరసానమ్మా అని నేను పిలవలేను. అమ్మాయ్ అంటాను, ఊరుకుంటదేమో అడుగు.”

అడిగాను. ఊరుకోవడమేమిటి, సంబరపడిపోయింది. నేను ఇంగ్లీషులో చెప్పిన చుట్టరికాలు ఆవిడకి నచ్చలేదట. ‘సిస్టర్ ఇన్ లా’ అంటే ఎవరు? భర్త చెల్లెలా, అన్న భార్యా, భర్త తమ్ముడి భార్యా? మా భాషలో దేనికది వేరే మాట ఉంది అంటూ వేళ్ళు మడిచి చెప్పసాగింది. భర్త తమ్ముడు దేవెర్. అక్కడ నేను ఎగిరి గంతేశాను, మన సంస్కృతం దేవరుడే. తోడికోడలు యెత్ర్వ, సంస్కృతంలో యాతృ. ఇంగ్లీషువాళ్ళకి గతిలేని తోడల్లుడికి కూడా వాళ్ళకి మాటుంది, పషెనోగ్.

పెద్దమ్మకి ఈ గొడవంతా అక్కర్లేదు. ఒక్కటే పట్టుకుంది. “అయితే ఆళ్ళ దేశంలో తోడికోడళ్ళుంటారన్నమాట. కొట్టుకుంటారా?”

నేను చెప్పాను. ఆవిడ జవాబిచ్చింది, “కొట్టుకోకపోతే వాళ్ళకి ప్రత్యేకంగా పేరెందుకు పెడతాం?”

పెద్దమ్మ పగలబడి నవ్వి, పక్కింటి దడివైపు తిరిగి, “ఇన్నావా?” అని అరిచింది. దడి అవతల గిన్నె ఒకటి ఠంగున మోగింది. అటుపక్క ఉండేది పెద్దమ్మ తోడికోడలే. నాట్లప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. పెద్దమ్మ కూచునే చోట కూచోనని ఆవిడ చదువుకి రావడం కూడా మానేసింది.

పని మొదలుపెట్టాం. మధ్యాహ్నం పందిట్లో ఆడవాళ్ళు కబుర్లు చెబుతారు. సెర్బియా ఆవిడ వాళ్ళ లిపిలో, చెవికి ఎలా వినపడితే అలా చీటీల మీద రాసుకుంటుంది. తెలుగు రాదు కాబట్టి నేను తెలుగులో వేరే చీటీలు రాయాలి. ఆవిడకి నమూనాలు, నాకు నా పుస్తకానికి పాఠాలు. ఒక్క దెబ్బకి రెండు పనులని మురిసిపోయాను.

మొదటి రోజే పెద్దమ్మ అందుకుంది.

“ఆ పొద్దు నీళ్ళొంతు నాది. తెల్లారి ఎల్లి సూద్దును గదా, నా మడి బీటలిచ్చి ఉంది. మా తోడికోడలు బోదె కాలవకి గండికొట్టి తన మళ్ళోకి తిప్పుకుంది. పూడుద్దామంటే పార కూడా అదే తీసుకెళ్ళింది! ఏం జేస్తా? ఎల్లి ఆ గండిలో నేనే కూలబడ్డా. రావే, దమ్ముంటే నన్ను తవ్వి పెట్టుకో నీళ్ళు అన్నా. పొద్దెక్కిందాకా లెగలా.”

పందిట్లో ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చీటీ రాశాను.

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ అరుగు మీద కూచుని ఆవిడ చీటీలూ నా చీటీలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నాం. ఆవిడ తన చీటీ తీసి పైకి చదివింది. అర్థం తెలియకుండానే, అచ్చం పెద్దమ్మ దీర్ఘాలతో, పెద్దమ్మ విసుర్లతో. లోపల పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ, “ఎవరే అది, నా గొంతేసుకుని మాట్టాడేది?” అని బయటికి వచ్చి చూసింది.

“ఇప్పుడు మీది చదవండి” అంది ఆవిడ.

నాది చదివాను. ‘నీరు పంటకి ప్రాణం. రైతులు ఒకరితో ఒకరు సహకరించుకుంటూ, వంతుల ప్రకారం నీళ్ళు పెట్టుకోవాలి. తగాదాలు పడకూడదు.’

ఆవిడ తన చీటీ వంక చూసింది, నా చీటీ వంక చూసింది. “నాది ఇంత పొడుగుంది. మీది చిన్నది. ఇందులో పార ఎక్కడుంది? నిన్న పార అనగానే అందరూ నవ్వారు. ఆ మాట నాకు గుర్తుంది.”

“పార అవసరం లేదు. విషయం వచ్చింది కదా.”

“మీ పెద్దమ్మ గండిలో కూచున్నానని చేతులతో చూపించింది. అదెక్కడుంది?”

“అది తగాదా. పాఠంలో తగాదా పెడతామా? చదివేవాళ్ళకి మంచి నేర్పాలి కదా. ఇందులో ఒక్క గ్రాంథికం ముక్క లేదు, చూడండి. ‘వలెను’ లేదు, ‘కూడదు’ కూడా వాడుకలో ఉన్నదే.”

“నాకు తెలుగు రాదు” అంది ఆవిడ చీటీని అరుగు మీద పెట్టి. “కానీ పదిహేనేళ్ళుగా చీటీలు చూస్తున్నాను. మా పంతుళ్ళు పంపినవాటిలో దిద్దినవేవో ఏరి పక్కన పెట్టడమే నా మొదటి ఉద్యోగం. మరీ శుభ్రంగా ఉన్న చీటీని మేం నమ్మం. ఈ మాట మీ పెద్దమ్మ అనలేదు. మీరన్నారు. కింద పేరు మాత్రం ఆవిడది పెట్టారు.”

నాకు ఒళ్ళు మండింది. “మీకేమండీ! మీ యుద్ధం మీరు ఎప్పుడో గెలిచేశారు. మేమింకా మధ్యలో ఉన్నాం. ఇలాంటి భాష, ఇలాంటి తిట్లు పుస్తకంలో పెడితే మావాళ్ళు దాన్ని చింపి పారేస్తారు.”

ఆవిడ తన చీటీలు సర్దుతూ, “మేం గెలవలేదు” అంది. “గెలిచింది వేరే ప్రాంతం వాళ్ళ మాట. మా ఊరు దక్షిణాన ఉంది. మా మాట వింటే రాజధానిలో ఇప్పటికీ నవ్వుతారు. నేను ఉద్యోగంలో చేరగానే రాసిన మొదటి చీటీలు మా అమ్మమ్మవి. అన్నీ దిద్దేశాను. మా ఆఫీసు పెద్దాయన వెనక్కిచ్చేసి, మీ అమ్మమ్మంటే మీకెందుకంత సిగ్గు అని అడిగాడు.”

నా చీటీ తీసుకుని నిలువునా చింపేశాను. నా సంగతి తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద వార్తో అర్థమవుతుంది.

నిజం ఒప్పుకోవాలి. పత్రికల్లో వాడుక భాష అని గెలుస్తున్నది మా బందరు, గుడివాడ చదువుకున్న ఇళ్ళ భాష. నా భాష. దాని కోసం నేను బల్లలు గుద్ది వాదించాను. అవనిగడ్డ దాటాక కాలవగట్టు మీద మాట్లాడే మా పెద్దమ్మ మాట మాత్రం నాక్కూడా కబుర్లకే పనికొచ్చేది, కాగితానికి కాదు. మాటొక్కటే కాదు, ఆవిడ బతుకు కూడా. నీళ్ళకోసం గండిలో కూచున్న మనిషి చేత సహకారం మీద ఉపన్యాసం ఇప్పించాను. సంఘం వాళ్ళ పాత పుస్తకానికీ నా పుస్తకానికీ తేడా ‘వలెను’ ఒక్కటే.

పెద్దమ్మ గడపలో నిలబడి చూస్తోంది. “ఏమంటందే? నువ్వు మొకం మాడ్చుకున్నావు?”

చెప్పాను. దాచలేదు.

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ” అంది పెద్దమ్మ. “నేను తగాదా పడకూడదన్నానా? నేనా? రేపు ఊళ్ళో అది చదివితే నా తోడికోడలు మొకాన నవ్వదూ? ఇంకెందుకు నాకా సదువు!”

మిగిలిన వారమంతా చీటీలు మళ్ళీ రాశాను. వాళ్ళు ఎలా అంటే అలా. అంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. చెయ్యి దానంతటదే దిద్దబోతుంటే సెర్బియా ఆవిడ పక్కనుంచి నా మోచెయ్యి పొడిచేది. గోంగూర పచ్చడి అన్నంలో కలుపుకుని నీళ్ళు కూడా తాగకుండా తినేసేది. మా ఊళ్ళోనూ ఎర్ర మిరపకాయలు దండలు గుచ్చి గోడలకి ఆరేస్తాం, మీకేం తెలుసని, ఎవరు ఎక్కువ కారం తింటారో పెద్దమ్మతో పందెం కాసింది. పెద్దమ్మ ఓడిపోయింది. మా వంశానికి ఆ నెల బాగాలేదు.

ఆవిడ తిరుగు ప్రయాణం రోజునే గుడివాడలో సంఘం సమావేశం. ఎలాగూ రైలు అక్కడే ఎక్కాలి కాబట్టి అవనిగడ్డ నుంచి పామర్రు మీదుగా బస్సులో ఇద్దరం వెళ్ళాం. పుస్తకం అచ్చు వెయ్యాలో వద్దో తేల్చవలసింది ఒక పంతులుగారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినాయన. మంచి మనిషి. మంచివాళ్ళతో వాదించడం నాకు చికాకు.

నా పాఠాలు ఆసాంతం చదివారు. కళ్ళద్దాలు తీశారు. “అమ్మా, ఒక్కటడుగుతాను. వాళ్ళకి వచ్చిన మాట వాళ్ళకే నేర్పడానికి బడెందుకు? పదిమందిలో పెద్దవాళ్ళలా మాట్లాడాలని కదా వస్తారు. ఇంట్లో దొరికేదే బళ్ళోనూ దొరికితే ఆకలెలా తీరుతుంది?”

మంచి ప్రశ్న. ఇప్పటికీ నేను దాన్ని కొట్టిపారెయ్యను. అప్పుడు మాత్రం కొట్టిపారేద్దామని సెర్బియా ఆవిడ వైపు తిరిగి, “మీ దేశంలో ఏం జరిగిందో చెప్పండి వీరికి” అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “ఇది మీ తగాదా. నేను సాక్షిని కాను” అంది. తర్వాత పంతులుగారితో మెల్లగా ఇంగ్లీషులో అంది, “మా ఆఫీసులో ఒక పద్ధతుంది. చీటీ మీద అనుమానమొస్తే, మాట చెప్పిన మనిషి దగ్గరికే వెళ్ళి చదివి వినిపిస్తాం. మీరు వెళ్ళి రెండు పుస్తకాలూ చదివించి చూడండి.”

పంతులుగారు ఆలోచించి, “వస్తానమ్మా. వచ్చే శనివారం” అన్నారు. ఆవిణ్ణి రైలెక్కించి నేను బందరు బస్సెక్కాను. ఆవిడ ఏం సాయం చేసిందో, చెయ్యలేదో పామర్రు దాకా తేల్చుకోలేకపోయాను.

శనివారం పంతులుగారు గొడుగూ సంచీతో నాతోపాటు ఎడ్లబండి దిగారు. గుడివాడ నుంచి పెద్దమనిషి వచ్చాడంటే ఊరి ఆడవాళ్ళంతా పందిట్లో ఉన్నారు. మానేసినవాళ్ళూ వచ్చారు. పెద్దమ్మ తోడికోడలు కూడా వచ్చి వెనక రాట దగ్గర, మొహం అటు తిప్పుకుని కూచుంది.

ముందు సంఘం వాళ్ళ పాత పుస్తకం. టీచరమ్మ చదివింది, అందరూ బుద్ధిగా విన్నారు. ఎలా ఉందని ఆయన అడిగితే, “బాగుందండీ” అన్నారు ఒక్క గొంతుతో. ఎవరూ కదల్లేదు. ఆయన నావైపు చూశారు. తరగతి ఇవాళ్టితో సరి అనుకున్నాను.

తర్వాత నా కాగితం పెద్దమ్మ చేతికిచ్చాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, గొంతెత్తి చదివింది. “ఆ... పొద్దు... నీళ్ళొంతు... నాది.”

“అబద్దం!” వెనక రాట దగ్గర్నుంచి వచ్చింది కేక. “ఒంతు నాది! శనోరం దానిది, ఆదోరం నాది. ఆ రోజు ఆదోరం. చర్చి గంట కొడతన్నారు గూడా!”

పెద్దమ్మ తల ఎత్తలేదు, చదవడం ఆపలేదు. “పార... కూడా... అదే...”

“పారా? పార మా పుట్టింటోళ్ళిచ్చింది! నా పార నేను తీసుకెళ్తే దొంగతనమా? ఏడ రాశారు? ఏడుందో సూపించండి!”

లేచి ఆడవాళ్ళని తోసుకుంటూ ముందుకి వచ్చి కాగితం లాక్కుంది. చదువు మానేసి ఎన్ని నెలలైందో. కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. “ప... పా... ర. పార. ఇదుగో ఉంది! పార కూడా... అ... దే... తీ... సు...” పెదవులు కదుపుతూ ఆ వాక్యం చివరిదాకా వెళ్ళింది. చివరికి చేరాక నడుం మీద చెయ్యి పెట్టుకుని, “సూశారా, నన్ను దొంగన్జేసి అచ్చేయిత్తన్నారు!” అంది.

చుట్టూ ఆడవాళ్ళు మూగేశారు. గండి ఎక్కడుందో ఒకతె వెతుకుతోంది, తన పేరు కూడా రాశారేమోనని ఇంకొకతె. ఒక్క కాగితం ఆరు చేతుల్లో నలుగుతోంది. పాత పుస్తకం చాప మీద వెల్లకిలా పడి ఉంది. దాన్ని ఎవరూ తొక్కలేదు కూడా, గౌరవంగా దాటుకుంటూ వెళ్ళారు.

పంతులుగారు సంచీలోంచి తెల్లకాగితం, కలం తీసి చాప మీద బాసింపట్టు వేసుకున్నారు.

“ఇలా వచ్చి కూచో అమ్మా. నీ మాట చెప్పు. రెండో పాఠం నీదే.”

తోడికోడలు ఆయన పక్కన గొంతుక్కూచుంది. “సెప్తాను. మీరు రాసింది నేను సదివాకే ఇవతలికివ్వాలి.”

“అలాగే.”

“దాని మాట రాస్తే దాని కింద నా జవాబు రాయాలి” అంది పెద్దమ్మ వెనకనుంచి. నాట్ల తర్వాత వాళ్ళిద్దరి మధ్యా దడి లేకుండా నడిచిన మొదటి మాట అదే.

“అప్పుడు దానికింద నాది!”

“ఈ లెక్కన పుస్తకం ఎప్పటికి పూర్తవుతుందమ్మా?” అన్నారు పంతులుగారు నావంక చూసి. నవ్వుతున్నారో విసుక్కుంటున్నారో ఆ కళ్ళద్దాల వెనక నాకు తెలియలేదు. వెంటనే తోడికోడలు వైపు తిరిగి, కలం మూత తీసి, “ఊఁ, ఆదోరం... తర్వాత?” అన్నారు.

ఆవిడ చెప్పసాగింది. కళ్ళు మాత్రం కలం ములికి మీదే ఉన్నాయి, ఒక్క అక్షరం పొల్లుపోనివ్వకుండా.